ఫోన్ చేస్తామన్నారు

శ్రోతలకు నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఈ సరిహద్దు ఊళ్లలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు చాలామంది ఇలా పెరిగినవాళ్లమే.

భువనేశ్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టెస్టింగ్ ఉద్యోగానికి, అంటే ప్రోగ్రాంలో తప్పులు పట్టే పనికి, ఇంటర్వ్యూకు పిలిస్తే పలాసలో రాత్రి రైలెక్కి వెళ్లాను. పొద్దున్నే రమ్మన్నవాళ్లు భోజనాల వేళ దాటాక లోపలికి పిలిచారు. దానికి నేనేమీ అనుకోలేదు. మా వీధి కిరాణా కొట్టుకు నేను రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాం లాప్‌టాప్‌లో ఉంది. తెరవమని ఎవరూ అడగలేదు. ఒకేలా కనిపించే ఎనిమిది బంతుల్లో బరువైన ఒక్కదాన్ని త్రాసులో రెండే తూకాల్లో పట్టుకోమన్నారు. ముందు మూడూ మూడూ తూచాలని చెప్పాను. ఆ తర్వాత నా యాస ఏ రాష్ట్రానిదని అడిగి నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇలాంటి పొడుపు కథలతో కాలం వృథా తప్ప మనిషి పనితనం తెలియదని గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే చెప్పారు. ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసి 1998లో తేల్చిందేమిటంటే, పని చేయించి చూడడం, అందరినీ ఒకే వరసలో అవే ప్రశ్నలు అడగడం మంచి పద్ధతులని. మీకు టెస్టర్ కావాలంటే వచ్చినవాళ్ల ముందు కంప్యూటర్‌లో ఒక దరఖాస్తు ఫారం పెట్టండి. వయసు దగ్గర సున్నాకు తక్కువ అంకె వేస్తాడా, ఫిబ్రవరి 31 కొట్టి చూస్తుందా, ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గిస్తే ఏమవుతుందో గమనిస్తారా? పావుగంటలో తెలిసిపోతుంది. యాసతో పనేముంది?

వారంలోగా ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు. మెయిల్ రాస్తే జవాబు లేదు. ఆలోగా బరంపురంలో ఒక చిన్న సంస్థ రమ్మంది. పెద్ద కంపెనీ మాట తేలేదాకా ఆగమని అడిగాను. వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. అమ్మ మాత్రం రోజూ "ఫోనొచ్చిందా?" అని అడిగేది.

ఇంటర్వ్యూలు చేసే పెద్దలు వింటుంటే ఒక్క మనవి. ఫలానా తేదీకి చెబుతామనండి, ఆ తేదీకి చెప్పండి. తీసుకోవడం లేదన్నా సరే, రెండు వాక్యాలు రాయండి. మాలాంటి పిల్లలు ఇంకో చోటికి ఒప్పుకోవాలో వద్దో తేల్చుకుంటారు.