1415: పోప్‌ను దింపిన సభే హుస్‌ను ఎందుకు కాల్చింది?

[తెర మీద: మూడు సింహాసనాలు]

1415 మొదట్లో కాథలిక్కులకు పోప్‌లు ఎంతమంది? ముగ్గురు! రోమ్ వర్గానికి 12వ గ్రెగరీ, నేటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వర్గానికి 13వ బెనెడిక్ట్, పీసా వర్గానికి 23వ జాన్. చీలిక 1378లో మొదలైంది. దాన్ని తేల్చేస్తామని 1409లో ఇటలీలోని పీసాలో చర్చి పెద్దల సభ పెట్టి, ఉన్న ఇద్దరినీ కాదని కొత్తాయన్ను ఎన్నుకున్నారు. పాతవాళ్లు దిగలేదు. ఇద్దరు కాస్తా ముగ్గురయ్యారు.

[మ్యాప్: నేటి జర్మనీ దక్షిణపు అంచు, కాన్‌స్టన్స్]

జర్మనీ రాజు సిగిస్మండ్ పట్టుబట్టడంతో 1414 నవంబరులో ఇక్కడ మహాసభ మొదలైంది. పిలిచింది జాన్ పేరు మీదే. మిగతా ఇద్దరినీ దింపి తనను ఉంచుతారని ఆయన ఆశ. ముగ్గురూ దిగాల్సిందేనన్న మాట వచ్చేసరికి ఆయనకు టెన్షన్ పట్టుకుంది. 1415 మార్చి 20న మారువేషంలో ఊరు దాటేశాడు. పోప్ లేకపోతే సభ చెదిరిపోతుందని లెక్క వేసుకున్నాడు.

చెదరలేదు. ఏప్రిల్ 6న సభ ఒక తీర్మానం చేసింది: మా అధికారం నేరుగా క్రీస్తు నుంచి వచ్చింది, మత విశ్వాసం, చీలిక విషయాల్లో పోప్ కూడా మాకు లోబడాలి. మే 29న జాన్‌ను దింపేశారు.

[తెర మీద: ప్రాగ్, బెత్లెహెం చాపెల్]

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. యాన్ హుస్ ఇక్కడ చెక్ భాషలో ప్రసంగించే గురువు. ఇదే జాన్ 1412లో నేపుల్స్ రాజు మీద యుద్ధానికి డబ్బు కోసం పాపక్షమాపణ పత్రాలు అమ్మిస్తే, హుస్ బహిరంగంగా ఎదిరించాడు. చర్చి వెలివేసింది. అప్పుడు హుస్ పోప్‌ను దాటి నేరుగా క్రీస్తుకే అప్పీలు చేసుకున్నాడు.

గమనించారా? పోప్‌ను దాటి క్రీస్తు దాకా సభా వెళ్లింది, హుస్ కూడా వెళ్లాడు. తేడా ఒక్కటే: సభ ఆ దారి తనకు మాత్రమే ఉందంటోంది. ఒక్క మనిషి తన మనస్సాక్షితో అక్కడికి వెళ్లొచ్చంటే, రేపు ఈ సభ మాటనూ ఎవరైనా తోసిపుచ్చొచ్చు కదా! నా ఉద్దేశంలో హుస్‌ను చంపింది ఆ భయమే.

సిగిస్మండ్ ఇచ్చిన రక్షణ పత్రంతో కాన్‌స్టన్స్ సభకు వచ్చిన హుస్‌ను నెల తిరక్కుండానే పట్టుకున్నారు. రాజు మొదట కోప్పడ్డాడు, సభ ఆగిపోతుందనేసరికి తగ్గాడు. తప్పుంటే లేఖనాల నుంచి చూపించమన్నాడు హుస్. తాను అనని మాటలను వెనక్కి తీసుకోనన్నాడు. జులై 6న తల మీద దయ్యాల బొమ్మలున్న కాగితపు టోపీ పెట్టి, సజీవంగా కాల్చి, బూడిద రైన్ నదిలో కలిపారు.

రెండు రోజుల ముందే గ్రెగరీ మర్యాదగా తప్పుకున్నాడు. బెనెడిక్ట్ మొండికేశాడు, ఆయన్ను 1417లో దింపి, అదే ఏడాది 5వ మార్టిన్‌ను ఎన్నుకున్నారు.

[తెర మీద: ముద్రలు వేలాడే ఉత్తరం]

హుస్‌ను కాల్చిన 1415లోనే, సెప్టెంబరు 2న, ఆయన సొంత దేశం బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) ప్రభువులు 452 మంది సభకు నిరసన లేఖ రాశారు. 1419లో అక్కడి రాజు చనిపోయాడు. వారసుడు ఎవరనుకున్నారు? ఆయన తమ్ముడు సిగిస్మండే. హుస్ అనుచరులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి యుద్ధాలు నడిచాక, 1436లో గానీ ఆయన్ను రాజుగా అంగీకరించలేదు.