ఐదు పావులు మిగిలాక

శ్రోతలకు నమస్కారం. ఈ మధ్య విజయనగరంలో ఒక చెస్ టోర్నమెంట్ చూశాను. పెద్ద రేటింగ్ ఉన్నవాళ్ల బోర్డులు వదిలేసి, చివరి వరుసలో ఇద్దరు క్లబ్బు ఆటగాళ్ల దగ్గరే ఉండిపోయాను. తెల్లపావులు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంటర్ కుర్రాడివి, నల్లపావులు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయనవి.

కుర్రాడు ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, బాగా చదివొచ్చాడు, చకచకా ఆడాడు. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి, చివరికి చెరో ఏనుగు మిగిలి కుర్రాడికి నడిమి బంటు ఒకటి ఎక్కువుంది. చూస్తున్నవాళ్లంతా పెద్దాయన ఓడిపోయారనే అనుకున్నారు.

ఆయన మాత్రం రాజుని ఆ బంటుకి ఎదురుగా, అది మంత్రి కావాల్సిన గడిలోనే కూర్చోబెట్టి, ఏనుగుని తన వైపు నుంచి మూడో వరుసలో ఉంచారు. అది అక్కడున్నంతసేపూ తెల్లరాజు ఆ వరుసలో అడుగుపెట్టలేదు. ఎంతసేపని చూస్తాడు, కుర్రాడు బంటునే ఆ వరుసలోకి తోశాడు. పెద్దాయన వెంటనే ఏనుగుని బోర్డు అవతలి చివరికి పంపి వెనక నుంచి చెక్, మళ్లీ చెక్! రాజు దాక్కోవాల్సిన గడిలోకి బంటే వెళ్లిపోయింది మరి. టెన్షన్‌తో ఏనుగుని చివరి వరుసలో రాజు పక్కన ఉంచేసుంటే ఆయన ఓడిపోయేవారే.

ఈ పద్ధతిని 18వ శతాబ్దంలో వివరించిన ఫ్రాన్స్ దేశస్థుడు ఫిలిదోర్ ఒపేరాలకు సంగీతం కూర్చినవాడు. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న మన విజయనగరంలో ఈ మాట చెప్పడం నాకెంతో ఇష్టం.

అదే స్థితి మూడోసారి రాబోతుంటే పెద్దాయన ఎత్తు వేయకుండా కాగితం మీద రాసి ఆర్బిటర్‌ని, అంటే పోటీ నిర్ణేతని, పిలిచి డ్రా అడిగారు. వేసేశాక అడిగితే అప్పటికి ఆ హక్కు పోతుంది, ఇది చాలామందికి తెలీదు. కాగితాలు సరిచూసి డ్రా ఇచ్చారు.

"ఇది నాకెవరూ చెప్పలేదు తాతగారూ," అన్నాడు కుర్రాడు. "కూర్చో బాబూ, పావులు పెట్టు," అని ఆయన అక్కడే చూపించారు.

పిల్లలచేత ఓపెనింగులు బట్టీ పట్టించి, ఇలాంటివి నేర్పకుండా టోర్నమెంట్లకు పంపుతున్నాం, అదే నా బాధ. ఇవాళ ఇంట్లో రెండు రాజులు, రెండు ఏనుగులు, ఒక నడిమి బంటు పెట్టి, మీరు బంటు లేని వైపు కూర్చుని పిల్లల్ని గెలవమనండి, తర్వాత వైపులు మార్చండి. బంటు మీ మూడో వరుసకి వచ్చేదాకా మీ ఏనుగు ఆ వరుస వదలకూడదు.