పావడా అంచు పైకి జరిగిన శతాబ్దం

అందరికీ నమస్కారం.

యూరప్ శాస్త్రీయ నాట్యమైన బాలేలో ఆంత్రెషా అని ఒక ఎగురు ఉంది. డాన్సరు నిటారుగా గాల్లోకి లేచి, కిందికి దిగేలోపు రెండు పాదాలనూ ఒకదాని ముందుకి ఒకటి గబగబా మార్చాలి. రెప్పపాటులో అయిపోతుంది. ఇప్పుడు నేల మీద జీరాడే పావడా కట్టుకుని ఆ ఎగురు ఎగిరారనుకోండి. చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. చూసేవాళ్లకు గుడ్డ ఊగడం తప్ప ఏమీ కనిపించదు. 18వ శతాబ్దం మొదట్లో పారిస్ ఒపేరా అనే నాటకశాలలో ఆడవాళ్ల పరిస్థితి ఇదే. మగవాళ్లు మాత్రం మేజోళ్లు వేసుకున్న కాళ్లు బాగా కనబడేలా ఎగిరి చప్పట్లు కొట్టించుకునేవారు. బాలే చరిత్రను అడుగుల చరిత్రగా చెప్పుకుంటాం గానీ, ఆ వందేళ్లలో జరిగింది చాలావరకు బట్టల గొడవే అని నా అభిప్రాయం.

బాలే పుట్టిందే రాజుగారి కొలువులో. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ స్వయంగా నాట్యం చేసేవాడు, 1661లో నాట్యానికి ఒక అకాడమీ కూడా పెట్టాడు. పారిస్ ఒపేరా వేదిక మీదికి వృత్తి కళాకారిణులు వచ్చింది 1681లో. అందుకని వేదిక మీది వేషాలన్నీ దర్బారు దుస్తులే, కాకపోతే తళుకులు కాస్త ఎక్కువ. దేవత అయినా గొర్రెలు కాసే పిల్ల అయినా అదే బిగుతు రవికె, అదే మడమల బూట్లు, పొడి చల్లిన అదే జుట్టు. గొర్రెల పిల్ల అని తెలియడానికి చేతిలో ఒక కర్ర పెట్టేవారు, అంతే! ముఖానికి తోలు మాస్కు మామూలు.

1720ల నాటికి పానియే ఫ్యాషను బాగా ముదిరింది. పేము బద్దలతోనో తిమింగిలపు ఎముకతోనో వలయాలు చేసి, నడుముకు కట్టి, దాని మీద పావడా పరుస్తారు. ముందూ వెనకా చదునుగా ఉండి పక్కలకు మాత్రం విస్తరించేది. గుమ్మం దాటాలంటే ఒక పక్కకు తిరగాల్సిందే. మగ డాన్సర్లకూ ఈ బాధ తప్పలేదు. నడుము నుంచి గొడుగులా విచ్చుకునే తీగ కట్టిన పొట్టి పావడా ఒకటి వాళ్లకుండేది, టోనెలే అంటారు. నిజం చెప్పాలంటే ఆనాటి మెన్యుయెట్ అనే జంట నాట్యానికి ఈ బట్టలు చక్కగా సరిపోయేవి. చిన్న చిన్న అడుగులు, జారుతున్నట్టు నడక, ఇద్దరి మధ్య మూరెడు ఎడం. బట్ట ఎంతవరకు ఒప్పుకుంటే నాట్యం అంతవరకే.

ఒప్పుకోని మనిషి 1726లో వచ్చింది. బ్రస్సెల్స్‌లో పుట్టిన మరీ కామార్గోకు అప్పటికి పదహారేళ్లు. మగవాళ్ల సొత్తుగా ఉన్న ఎగుళ్లను ఆమె తీసేసుకుంది. మగవాడిలా నాట్యం చేసిన మొదటి స్త్రీ అని రచయిత వోల్టేర్ మెచ్చుకున్నాడు. ఎగిరితే చాలదు, ఎగిరినట్టు కనబడాలి కదా? పావడా అంచు చీలమండ పైకి జరిపింది. జరిగింది కొన్ని అంగుళాలే, దానికే ఊరంతా గగ్గోలు. పావడా లోపల చల్లడం తొడుక్కుందా లేదా అని పెద్దమనుషులు పందేలు కాసుకున్నారని కూడా కథలున్నాయి. నికొలా లాంక్రే 1730 ప్రాంతంలో గీసిన బొమ్మ దొరికితే చూడండి. తోటలో ఆమె చేతులు చాచి నిలబడి ఉంటుంది. నిండా పూలు కుట్టిన గౌను, దాని కింద పాదాలు, చీలమండలు, స్పష్టంగా. చిత్రకారుడికి ఏది చూపించాలో తెలుసు. ఆమె పేరు పెట్టి పారిస్‌లో చెప్పులూ టోపీలూ అమ్ముకున్నారు. అంతవరకు దర్బారు నుంచి వేదికకు వచ్చిన ఫ్యాషను ఇప్పుడు వేదిక నుంచి బజారుకు వెళ్లడం మొదలైంది.

ఆమెతో పోటీ పడ్డ మరీ సాలే దారి వేరు. ఎగరడం కన్నా అభినయం ఆమెకు ముఖ్యం. 1734లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పిగ్మాలియన్ అనే బాలే తానే కూర్చి ఆడింది. శిల్పి చెక్కిన బొమ్మకు ప్రాణం వచ్చే కథ. బొమ్మకు పానియే ఏమిటి? తీసేసింది. జుట్టు విరబోసుకుంది, తలలో ఒక్క నగ లేదు. లోపలి రవికె, లోపావడా ఉంచుకుని, వాటి మీద పల్చని మస్లిన్ గుడ్డను గ్రీకు విగ్రహంలా చుట్టుకుంది. ఆ ఏడాదే పారిస్ పత్రిక మెర్క్యూర్ ద ఫ్రాన్స్‌లో ఈ వివరాలన్నీ ఆశ్చర్యపోతూ చెప్పే లండన్ ఉత్తరం ఒకటి అచ్చయింది. లండన్ నెత్తిన పెట్టుకుంది. మరుసటి ఏడాదే సంగీతకర్త హాండెల్ కూర్చిన ఆల్చీనా అనే ఒపేరాలో, అంటే పాటల నాటకంలో, మగవేషం కట్టి మన్మథుడుగా వస్తే అదే లండన్ ఈలలు వేసి అవమానించింది. ఆమె పారిస్ తిరిగొచ్చి, సంగీతకర్త రామో రాసిన ‘ఇండియాల శృంగారం’ బాలేలో గులాబీగా నర్తించింది. పేరు చూసి మురిసిపోకండి, అందులో టర్కీ, పెరూ, పర్షియా, ఉత్తర అమెరికా ఉన్నాయి గానీ మన దేశం లేదు.

ఇక ఫ్రెంచి నాట్యకర్త జాఁ-జార్జ్ నొవేర్. 1760లో నాట్యం గురించి లేఖల రూపంలో పుస్తకం రాసి మాస్కులు తీసేయమన్నాడు, విగ్గుల్నీ టోనెలేలనూ ఎగతాళి చేశాడు. ఆయన పుట్టిన ఏప్రిల్ 29ని 1982 నుంచి అంతర్జాతీయ నృత్య దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గొప్పవాడే, కాదనను. అయితే పానియే గురించి ఆయన రాసింది జాగ్రత్తగా చదవండి. నాలుగింట మూడు వంతులు తగ్గిస్తానన్నాడు! సాలే 26 ఏళ్ల ముందే మొత్తంగా తీసేసింది కదా. కష్టం ఒకరిది, పేరు ఒకరిది. రాసిపెట్టినవాడికే చరిత్రలో చోటు దొరుకుతుంది.

మాస్కు పోవడం మాత్రం సిద్ధాంతం వల్ల కాదు, పంతం వల్ల. 1772లో ఒక ప్రదర్శనకు, నాట్యదేవుడని పేరుపడ్డ గయెటానో వెస్ట్రిస్ రాలేకపోయాడు. అపోలో వేషం మాక్సిమిలియన్ గార్దెల్‌కు వచ్చింది. మాస్కు పెట్టుకుంటే జనం తనను వెస్ట్రిస్ అనుకుంటారు. అది ఇష్టంలేక సొంత ముఖంతో, సొంత జుట్టుతో వేదికెక్కాడు. మాస్కు కాలం అక్కడి నుంచి చెల్లుతూ వచ్చింది.

ఆ తర్వాతి తరం తార మరీ-మడ్లెన్ గిమార్. పై గౌనును తాళ్లతో కుచ్చులుగా పైకి లాగి కట్టే తీరు ఆమెది. బయట ఆడవాళ్లు అది చూసి తమ గౌన్లకు ఆమె పేరు పెట్టుకున్నారు. 1770లలో వీధిలో ఆడవాళ్లు తొడిగే పొలొనేజ్ అనే గౌను కూడా చీలమండ దాకానే ఉండేది. కామార్గో మీద పడ్డ గగ్గోలు అప్పటికి ఎవరికీ గుర్తులేదు.

1783లో మరీ ఆంత్వానెత్ రాణి తెల్లని మస్లిన్ గౌనులో ఉన్న చిత్తరువును విజే లెబ్రన్ ప్రదర్శనకు పెట్టింది. రాణిని లోబట్టల్లో చూపించారని అల్లరి జరిగి, బొమ్మ దించేశారు. సాలే వేదిక మీద కట్టుకున్న గుడ్డ రాణి ఒంటి మీదికి రావడానికి సుమారు యాభై ఏళ్లు పట్టింది, వచ్చాక కూడా తిట్లు తప్పలేదు. ఆ తిట్లలో వ్యాపారం కూడా కలిసి ఉంది. సన్నని మస్లిన్ బెంగాల్ సరుకు, నష్టం ఫ్రాన్స్‌లోని లియోన్ ఊరి పట్టు నేతగాళ్లది. మన నూలుబట్టకు ఫ్రాన్స్‌లో ఇలాంటి ఎదురుదెబ్బ కొత్త కాదు. మచిలీపట్నం తీరం నుంచి వెళ్లే అద్దకం బట్టల మీద 1686 నుంచి 1759 దాకా అక్కడ నిషేధం ఉంది. ఆ నిషేధం ఎత్తేసిన సంవత్సరమే ఫ్రెంచివాళ్లు మచిలీపట్నాన్ని ఇంగ్లీషువాళ్లకు పోగొట్టుకున్నారు.

1789 జులై 1న, బాస్తీల్ కోట పడడానికి రెండు వారాల ముందు, ఫ్రాన్స్‌లోని బోర్డోలో నాట్యకర్త దోబెర్వాల్ ఒక పల్లెటూరి ప్రేమకథను బాలేగా ఆడించాడు. దేవతలు లేరు, రాజులు లేరు, ఉన్నవాళ్లు రైతులు. ఇవాళ్టికీ ‘లా ఫీయ్ మాల్ గార్దే’ పేరుతో ఆడుతున్నారు. ఫ్రెంచి విప్లవం తర్వాత బయట మడమల బూట్లు పోయి చదునైన మెత్తటి చెప్పులు వచ్చాయి, వేదిక కూడా వాటినే తీసుకుంది. మడమ తీసేస్తే పాదం వంగుతుంది, వేళ్ల దాకా లేవగలుగుతుంది. 1796లో లండన్‌లో నాట్యకర్త దిద్లో డాన్సర్లను తీగలతో పైకెత్తి గాల్లో తేలించాడు. ఆ తీగల సాయం లేకుండానే మునివేళ్ల మీద నిలబడడం తర్వాతి శతాబ్దం వాళ్లు సాధించారు. అది ఇంకో రోజు మాట్లాడుకోవలసిన సంగతి. ప్రశ్నలుంటే అడగండి.