చేయి తిరిగిన మనిషి నేర్పగలరా?

శ్రోతలకు నమస్కారం.

పనిచేసే చోటు ఏదైనా సరే, అక్కడ ఒక చేయి తిరిగిన మనిషి ఉంటారు. ఎక్కడ చిక్కు వచ్చినా అందరూ ఆయన దగ్గరికే పరుగెత్తుతారు. కొన్నాళ్ళకు యాజమాన్యం ఆయన్నే సూపర్‌వైజర్‌ను చేస్తుంది. అది న్యాయమే. కానీ కొత్తగా చేరినవాళ్ళు ఏదైనా అడిగితే, ఆయన "ఇటివ్వు, నేను చేస్తాను" అంటారు. నిమిషంలో చేసేస్తారు కూడా. నేర్చుకోవలసినవాళ్ళు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతారు. సాయంత్రానికి ఆయనకు అలసట, వాళ్ళకు చిన్నతనం. పని చేయడం వేరు, పని నేర్పడం వేరు అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ తేడాను పెద్ద ఎత్తున పట్టించుకున్న సందర్భం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో కార్ఖానాలకు అనుభవమున్న పనివాళ్ళు చాలలేదు. అంతకుముందు యంత్రం ముట్టనివాళ్ళు ఎంతోమంది పనిలోకి వచ్చారు. వాళ్ళందరికీ ఎవరు నేర్పుతారు? 1940లో అక్కడి ప్రభుత్వం 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అది కొత్తవాళ్ళ జోలికి పోకుండా, సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి నేర్పడం ఎలాగో నేర్పింది. ఒక్కో పాఠక్రమం మొత్తం 10 గంటలే. 1945లో అది ముగిసేసరికి 16 లక్షల మందికి పైగా ఆ శిక్షణ పొందారు.

ఆ తరగతిలో ఒక ముడి వేయించేవారు. కరెంటు దీపం తీగను ఎవరైనా లాగినా కనెక్షన్ ఊడిపోకుండా లోపల వేసే ముడి అది. శిక్షకుడు ముందు ఉత్త మాటలతో చెప్పేవాడు. విన్నవాళ్ళకు వచ్చేది కాదు. రేడియోలో నేను చెప్పినా మీకూ రాదు. తర్వాత మాటల్లేకుండా చేసి చూపించేవాడు. అప్పుడూ వచ్చేది కాదు. ఆ తర్వాత అసలు పద్ధతి చూపించేవాడు.

అందులో నాలుగు మెట్లున్నాయి. ముందు నేర్చుకునే మనిషి బెరుకు పోగొట్టి, అతనికి అప్పటికే ఎంత తెలుసో కనుక్కోవాలి. తర్వాత పనిని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటి చేసి చూపిస్తూ, అందులోని మెలకువ చెప్పాలి. మూడో మెట్టులో అతనిచేత చేయించాలి, చేస్తున్నది అతని నోటితోనే చెప్పించాలి. చివరికి పని అప్పగించి, సందేహం వస్తే ఎవరిని అడగాలో చెప్పి, మొదట తరచుగా, పోనుపోను తక్కువగా చూసి వెళ్ళాలి.

మనం ఎక్కువగా వదిలేసేది మూడో మెట్టు. "అర్థమైందా?" అని అడుగుతాం. "అయింది" అంటారు. కొత్తచోట కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ఆ ప్రశ్న మానేసి, "ఇది ఎందుకిలా చేశావో చెప్పు" అని అడగాలి. ఆ జవాబులోనే ఎక్కడ తడబడుతున్నాడో దొరికిపోతుంది. ఆ శిక్షణలో ఒక మాట పదే పదే చెప్పేవారు: పనివాడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదన్నమాట. కటువుగా ఉన్నా నాకు ఆ మాట నచ్చుతుంది. కొత్తవాళ్ళను "మొద్దు" అని కొట్టిపారేసే అవకాశం అది ఇవ్వదు.

తన పనిని తన మాటల్లో చెప్పగలిగిన ఉద్యోగి మరొకరికి నేర్పగలడు. నా దృష్టిలో నాయకత్వం మొలకెత్తేది అక్కడే. హోదా తర్వాత వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు.

ఇక వినడం. ఇదీ నేర్చుకుంటేనే వస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో పైకి లేవబోతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు, రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమోనని సందేహం బయటపెట్టాడు. లేదన్న ధీమాతో కెప్టెన్ ముందుకు సాగాడు. అలాంటి ప్రమాదాల తర్వాత విమాన సంస్థలు, కిందివాళ్ళు సందేహాన్ని గట్టిగా చెప్పడం, పైవాళ్ళు ఆగి వినడం ప్రత్యేకంగా నేర్పాయి. 1989లో అమెరికాలో యునైటెడ్ సంస్థ వారి 232 నంబరు విమానం గాలిలోనే అదుపు తప్పింది. కెప్టెన్ ఆల్ హేన్స్ తన సిబ్బందితో పాటు, ప్రయాణికుడిగా ఉన్న ఒక శిక్షక పైలట్ సాయం కూడా తీసుకున్నాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ శిక్షణ లేకపోతే అది సాధ్యమయ్యేది కాదని హేన్స్ తర్వాత చెప్పాడు.

మన ఉద్యోగాల్లో ప్రాణాలు ఇలా వేలాడకపోవచ్చు. కానీ మీటింగులో పెద్దాయన ముందుగా తన అభిప్రాయం చెప్పేస్తే, మిగతావాళ్ళు తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు. మీరు ఆ కుర్చీలో ఉన్నవారైతే, వచ్చే మీటింగులో అందరికంటే చిన్నవాళ్ళచేత ముందు మాట్లాడించండి. మీ వంతు చివర్లో తీసుకోండి. ఒక పని ఎలా చేయాలో మీరు చెప్పాలనుకున్నది, బహుశా వాళ్ళలో ఒకరు అప్పటికే చెప్పి ఉంటారు.

సెలవు. నమస్కారం.