అమరావతి అప్పు: అసలు కాగితం ఎక్కడ చదవాలి?

నమస్కారం. 2019 జులై గుర్తుందా? అమరావతికి ఇవ్వాలనుకున్న 30 కోట్ల డాలర్ల రుణం నుంచి ప్రపంచ బ్యాంకు తప్పుకుందని ఒకటే హోరు. తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఆ గోలలో బ్యాంకు విడుదల చేసిన చిన్న ప్రకటనను చదివినవాళ్లు తక్కువ. అందులో ఉన్న మాట వేరు. రుణం కోసం చేసిన అభ్యర్థనను జులై 15న భారత ప్రభుత్వమే వెనక్కి తీసుకుందట.

భారత ప్రభుత్వమే ఎందుకు? రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు చేయగలవు. బయటి రుణానికి సంతకం కేంద్రానిది.

అలాగని ఆ ప్రకటనే మొత్తం కథ కాదు. అది బ్యాంకు తన వైపు నుంచి చెప్పుకున్న మాట. అదే బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అని ఒకటుంది, బ్యాంకు ప్రాజెక్టులతో నష్టపోతున్నామనేవాళ్ల ఫిర్యాదులు చూసేది. భూసమీకరణతో నష్టపోతున్నామని రాజధాని ప్రాంతవాసులు కొందరు 2017లోనే దానికి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు, బ్యాంకు యాజమాన్యం జవాబు, ప్యానెల్ నివేదిక, మూడూ ఎవరైనా చదువుకోవచ్చు. నేనైతే ఫిర్యాదుతోనే మొదలుపెడతాను. పొలం సంగతి పొలం ఉన్నవాడు చెబితేనే తెలుస్తుంది.

ఇక కొత్త రుణం. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు ఆమోదించాయి. ఆమోదం అనగానే డబ్బు ఖాతాలో పడినట్టు మాట్లాడేవాళ్లకు మనలో కొదవ లేదు. ఆమోదం తర్వాత సంతకం, ఆ పైన ఒప్పందం అమల్లోకి రావడం, అప్పుడు విడతలు. పైగా ఇది ఫలితాలకు ముడిపెట్టిన రుణం. ముందస్తుగా ఇచ్చే కొంత పోను, మిగతాది అనుకున్న పని జరిగిందని తేలాకే ఆ మేరకు వస్తుంది. రుణ ఒప్పందం తెరిచి, చివర ఉండే షెడ్యూళ్లకు వెళ్లండి. ఏ ఫలితానికి ఎంతో అక్కడ పట్టిక ఉంటుంది.

ఎంత వచ్చిందన్నదానికి అప్పిచ్చినవాళ్ల లెక్క ఒక్కటే చాలదు. కేంద్ర ఆర్థిక వ్యవహారాల విభాగంలో కంట్రోలర్ ఆఫ్ ఎయిడ్ అకౌంట్స్ అండ్ ఆడిట్ అనే కార్యాలయం ఉంది. విదేశీ రుణాల పద్దులు రాసేది వీళ్లే. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి. కొద్దిగా తేడా ఉంటే కంగారు పడకండి, లెక్క కట్టిన తేదీ, మారకం రేటు వేరై ఉంటాయి. పది రెట్లు తేడా వస్తే మాత్రం మీకు ఆ అంకె చెప్పిన వీడియో మళ్లీ చూడండి. మిలియన్‌ను కోటి అనేసి ఉంటాడు.