ఆవిరి ఓడల్లో రాతినార ధూళి

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ డిస్ట్రాయర్ యుద్ధనౌకల్లో బాయిలర్ నుంచి, ఓడను నడిపే టర్బైన్‌కు వెళ్లే ఆవిరి వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్, ఒత్తిడి చదరపు అంగుళానికి 600 పౌండ్లు. ఆ గొట్టాలను కప్పకుండా వదిలేస్తే ఆ గదిలో మనిషి నిలవలేడు. అందుకని ఆస్బెస్టాస్ కలిసిన దిమ్మెలను వాటికి తొడిగి, పైన గుడ్డ చుట్టి, కుట్టి, రంగు వేసేవారు. ఆస్బెస్టాస్ అంటే మన రాతినారే. పులివెందుల ప్రాంతంలో దాని గనులు ఉండేవి కాబట్టి ఆ మాట మనకు కొత్త కాదు.

తొడుగు చెక్కుచెదరనంత కాలం ప్రమాదం తక్కువ. మరమ్మతుకు దిగినప్పుడే అసలు ముప్పు. ఒక వాల్వు కారుతోందనుకోండి. నావికుడు ముందుగా దాని మీది తొడుగును కోసి ఊడబెరకాలి. ఏళ్ల తరబడి వేడికి ఎండిన దిమ్మె చేతిలోనే పొడి అయిపోతుంది. బోల్టులు విప్పాక ఫ్లాంజ్‌కు, అంటే గొట్టాలు కలిసే చోట ఉండే అంచుకు, అతుక్కుపోయిన పాత గాస్కెట్‌ను, అంటే ఆవిరి కారకుండా మధ్యలో పెట్టే పొరను, స్క్రేపర్‌తో, వైరు బ్రష్షుతో గీకాలి. ఆ గాస్కెట్‌లో రాతినారే, వాల్వును తిప్పే కడ్డీ (స్పిండిల్) చుట్టూ కూరిన ప్యాకింగ్‌లోనూ రాతినారే. ఇదంతా ఇనుప గోడల మధ్య, తల ఎత్తితే గొట్టానికి తగిలే ఇరుకులో జరిగే పని. ఆఖరున చీపురుతో ఊడిస్తే, కింద పడిన ధూళి మళ్లీ పైకి లేచేది. రేవులో పనిచేసే కార్మికుడైనా సాయంత్రం ఇంటికి వెళ్తాడు. నావికుడు తినేదీ పడుకునేదీ ఆ ఓడలోనే, చాలా ఓడల్లో పడకల పైనుంచి పోయేవీ అలాంటి గొట్టాలే.

రాతినార ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుందని బ్రిటన్‌లో 1930లోనే ప్రభుత్వ నివేదిక వచ్చింది, మరుసటి ఏడాది నిబంధనలూ వచ్చాయి. అయినా 1946లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, నౌకా నిర్మాణ కేంద్రాల్లో గొట్టాలకు తొడుగులు వేసే 1,074 మందిని పరీక్షించి, ముగ్గురిలో మాత్రమే ఆస్బెస్టోసిస్, అంటే ఈ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, కనబడిందని, ఆ వృత్తి దాదాపు సురక్షితమేనని తేల్చింది. నాకు ఎంతో బాధ కలిగించే విషయం ఇది. పరీక్షకు వచ్చినవారిలో 95 శాతం మంది ఆ పనిలో చేరి పదేళ్లు కూడా కాలేదు. జబ్బుపడిన ఆ ముగ్గురూ ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసినవారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథెలియోమా క్యాన్సర్ బయటపడడానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. యుద్ధం కోసం నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాళ్లలో ఇలాంటి జబ్బులను వెతికితే దొరుకుతాయా? పైగా ఆ లెక్కలో ఉన్నది ఓడలు కట్టినవారే, వాటిలో బతికిన నావికులు కాదు.

1964లో డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్, ఆయన సహచరులు న్యూయార్క్ పరిసరాల్లోని 632 మంది ఇన్సులేషన్ (తొడుగులు వేసే) కార్మికుల చరిత్రను తీసి చూసినప్పుడు, ఊపిరితిత్తుల, వాటి పొర క్యాన్సర్లతో ఆరేడుగురు చనిపోతారనుకున్న చోట 45 మంది చనిపోయినట్టు తేలింది. తేడా అంతా వాళ్లను ఎంత కాలం వెంబడించి చూశారన్నదే.

మన పాత విక్రాంత్, విరాట్ విమానవాహక నౌకలు కూడా బ్రిటన్‌లో కట్టిన ఆవిరి ఓడలే. అందుకే అలాంటి ఓడల బాయిలర్ గదుల్లో పనిచేసి రిటైరైనవారు, ఆయాసంతో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, నలభై ఏళ్ల కిందటిదైనా సరే, ఆ పని గురించి వివరంగా చెప్పాలి. డాక్టర్లు కూడా అడగాలి.

బ్రిటన్‌లో 1987కు ముందు ఈ ధూళి పీల్చిన నావికులకు, 1947 నాటి చట్టం వల్ల ప్రభుత్వం మీద దావా వేసే హక్కు లేదు. మెసోథెలియోమా వచ్చినా విడతలుగా అందే యుద్ధ పింఛనే దిక్కుగా ఉండేది; జబ్బు తేలిన చాలామంది ఏడాది, రెండేళ్లకు మించి బతకరు కనుక, చేతికి అందింది చాలా కొద్ది మొత్తం. 2015 డిసెంబరులో గాని వారికి ఒకేసారి 1,40,000 పౌండ్లు తీసుకునే వెసులుబాటును అక్కడి ప్రభుత్వం ప్రకటించలేదు. అప్పటికి ఆ ఓడల్లో చాలావాటిని తుక్కు చేసి ఎన్నో ఏళ్లయింది.