ఒంగోలులో మా ఇంటి నీళ్లు: టీడీఎస్ మీటరు చెప్పేది, చెప్పనిది

నమస్కారం. ఈ రోజు వీడియో మా ఒంగోలు వంటింట్లోనే. ముందు ఈ గిన్నె చూడండి, రోజూ నీళ్లు కాచే గిన్నె. అడుగున పేరుకున్న తెల్లటి పొర గోటితో గీకితే పెళ్లలుగా లేస్తోంది. ఇది కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండే పదార్థమే. వేడి తగలగానే నీళ్లలోంచి విడిపోయి గిన్నెకు అంటుకుంటుంది. గీజరు లోపల కూడా ఇదే పేరుకుంటుంది. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటోందని అమ్మ నెల రోజులుగా చెబుతోంది. కుళాయి నీళ్లు పాడయ్యాయనే అందరం అనుకున్నాం.

అందుకే రెండు పరికరాలు తెప్పించాను. ఒకటి పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది. రెండోది చుక్కలు వేసి నీళ్ల కాఠిన్యం చూసే హార్డ్‌నెస్ కిట్టు.

మూడు గ్లాసులు పెట్టాను. మొదటిది కుళాయి వదిలినప్పుడు వీధి గొట్టం దగ్గర నేరుగా పట్టిన నీళ్లు. రెండోది వంటింటి కుళాయి నీళ్లు, అంటే మేడ మీది ట్యాంకు నుంచి వచ్చేవి. మూడోది బోరు. మీటరు ముంచుతున్నాను. వీధి నీళ్లు 360. వంటిల్లు 1,050. బోరు 1,520. ఒక్కో గ్లాసుకు ముందు మీటరు కొనను మంచినీళ్లతో కడిగాను, లేకపోతే అంకె తప్పుతుంది.

ఇప్పుడు కిట్టు. గీత వరకు నీళ్లు పోసి, మొదటి మందు రెండు చుక్కలు, చిటికెడు రంగు పొడి. చూశారా, ద్రాక్షరసం రంగు వచ్చింది. ఇక మూడో మందు ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. ఎరుపు పూర్తిగా పోయి నీలం తిరిగిన చుక్క దగ్గర ఆగాలి. ఈ కిట్టులో ఒక్కో చుక్క లీటరుకు 25 మిల్లీగ్రాముల కాఠిన్యం. వీధి నీళ్లు ఆరు చుక్కలకే నీలమయ్యాయి, అంటే 150. బోరుకు 26 చుక్కలు పట్టింది, 650. వంటింటి నీళ్లు 18 చుక్కలు, 450.

అసలు సంగతి ఇక్కడే బయటపడింది. వీధిలో వచ్చే నీళ్లు మంచివే. ఒంగోలుకు నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు వస్తాయి, చెరువుల్లో నిల్వ చేసి శుద్ధి చేసి ఇస్తారు. అది కృష్ణా నీరు. కుళాయి రాని రోజు మేమే సంపులోకి బోరు వదులుతున్నాం. రెండూ కలిసి మేడ ఎక్కుతున్నాయి. ఇన్నాళ్లూ తప్పు కుళాయి మీద వేశాం. మీ ఇంట్లో కూడా పరీక్ష చేస్తే ట్యాంకు నీళ్లతో ఆపకండి, గొట్టం ఇంట్లోకి వచ్చే చోట కూడా పట్టి చూడండి.

ప్రమాణాలు ఐఎస్ 10500లో ఉన్నాయి, అది తాగునీటికి మన దేశపు ప్రమాణం. కాఠిన్యం 200 దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2,000. మా బోరు టీడీఎస్‌లో గట్టెక్కింది, కాఠిన్యంలో దాటిపోయింది. మీటరు ఒక్కటే కొని ఉంటే నాకు ఇది తెలిసేది కాదు.

ఎందుకంటే మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నదే. ఏ ఉప్పు కరిగిందో దానికి తెలియదు. క్యాన్ నీళ్లలో పెడితే 60. చిటికెడు వంట ఉప్పు వేస్తున్నాను... 800 దాటింది. అదే గ్లాసుకు చుక్కల పరీక్ష చేస్తే ఉప్పు వేయకముందూ, వేశాకా ఒక్క చుక్కే. కాఠిన్యం కాల్షియం, మెగ్నీషియం వల్ల వస్తుంది, సోడియం వల్ల కాదు.

క్రిముల్ని కూడా ఈ మీటరు పట్టలేదు. ఫ్లోరైడ్ సంగతీ అంతే. కనిగిరి వైపు పళ్లు పసుపెక్కి, మోకాళ్లు వంగిపోయిన వాళ్లను చూస్తూనే ఉన్నాం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోరు. అంత చిన్న మోతాదు టీడీఎస్ అంకెలో ఎక్కడా కనిపించదు. కాచినా పోదు. అటువైపు బోరు నీళ్లు తాగే వాళ్లు దయచేసి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లయితే ఆలస్యం చేయకండి.

రెండింటిలో ఒకటే కొనాలంటే నా ఓటు చుక్కల కిట్టుకే. ఒక లోపం ఉంది. రాత్రి పసుపు బల్బు కింద నీలం ఎప్పుడు తిరిగిందో తేలక రెండు చుక్కలు ఎక్కువ వేశాను. పగటి వెలుగులో, వెనక తెల్లకాగితం పెట్టి చూడాలి. మీటరు ఆర్‌వో పని తగ్గిందో లేదో చూసుకోవడానికి బాగుంటుంది.

మేము కొత్త యంత్రం ఏదీ కొనలేదు. కుళాయి నీళ్లకు మూత ఉన్న డ్రమ్ము వేరే పెట్టాం. వంటకు అవే, తాగడానికి అవే కాచి చల్లార్చి. బోరు నీళ్లు బాత్‌రూముకు, మొక్కలకు. గిన్నెలోని పొరకు నిమ్మ ఉప్పు వేసి నీళ్లు మరిగిస్తే వదిలింది. నిన్న ఆ డ్రమ్ము నీళ్లతో అమ్మ పప్పు వండింది, గరిటెతో నొక్కగానే మెత్తగా మెదిగింది.